జ్వరంతో ఏడు రాత్రుల డ్యూటీ: ఒక కోవిడ్ కేస్ స్టడీ

నేను ఒంగోలులో ఫిజిషియన్‌ని. 2021 మేలో, సెకండ్ వేవ్ నడుస్తున్న రోజుల్లో చూసిన ఒక కేసు ఇది. పేషెంట్ అనుమతితోనే రాస్తున్నాను. అతని పేరు, కంపెనీ పేరు, ఊరి పేరు రాయడం లేదు. తోటి డాక్టర్లకు ఇందులో కొంత పనికొచ్చేది ఉండొచ్చు. కానీ ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ మీద బతికేవాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు చదవాలని నా కోరిక.

పేషెంట్ వయసు 34. సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం. సొంతూరు ఉలవపాడు మండలంలో. అప్పట్లో ఆ మండలం ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నెల్లూరు కిందికి వెళ్ళింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే బెంగళూరు నుంచి ఊరికొచ్చేశాడు. రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు ఆ మార్చి 12న నెల్లూరులోనే బయటపడింది. అప్పటినుంచి మా రెండు జిల్లాల పల్లెల్లో ఒక కొత్త సంగతి మొదలైంది. పండక్కి మాత్రమే వచ్చే పిల్లలు సంవత్సరం పొడుగునా ఇంట్లో కనపడసాగారు. ఇతనికి వీధి వైపు గది ఇచ్చారు. ఇన్వర్టరు, కూలరు, నెట్ కనెక్షన్ పెట్టించారు. నాన్నకు మామిడి తోట ఉంది, అమ్మ ఇల్లు చూసుకుంటుంది. భార్య, రెండేళ్ళ పాప కందుకూరులో పుట్టింట్లో ఉన్నారు. ఇతనికి జ్వరం రాగానే పాపతో అక్కడికి వెళ్ళిపొమ్మని తనే పంపాడు.

డ్యూటీ సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30 దాకా. అమెరికా తూర్పు తీరంలో అది ఉదయం 9 నుంచి సాయంత్రం 6. కాగితం మీద తొమ్మిది గంటలు, నిజానికి పదకొండు, పన్నెండు అయ్యేది. శనివారాలు పిలిస్తే పలకాలి. పధ్నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. బీపీ లేదు, సిగరెట్ లేదు. షుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు. టీకా పడలేదు. 18 ఏళ్ళు దాటినవాళ్ళకు మే 1 నుంచి అని ప్రకటన వచ్చినా అతని వయసువాళ్ళకు అప్పటికి డోసులు దొరకడం లేదు.

మొదటి తొమ్మిది రోజులు

మే 4, మంగళవారం సాయంత్రం ఒళ్ళు నొప్పులు, చలి. పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి కూర్చున్నాడు. మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్వాబ్ ఇచ్చాడు. రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ మొదలైంది కూడా ఆ రోజే. ఫలితం 8వ తేదీకి గాని రాలేదు. ల్యాబుల మీద అంత లోడు.

మే 6న నాకు ఫోన్ చేశాడు. అప్పటికి జ్వరం 101, గొంతు గరగర, వాసన తెలియడం లేదు, కొద్దిగా పొడి దగ్గు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 96. కోవిడే అనుకుని చూసుకోమన్నాను. విడిగా గదిలో ఉండు, నీళ్ళు బాగా తాగు, జ్వరం, ఆక్సిజన్ రాసిపెట్టుకో, 94 కన్నా తగ్గితే వెంటనే చెప్పు, బాగా రెస్ట్ తీసుకో అన్నాను. దానికి అతను అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

"ఇంట్లోనే ఉన్నాను సార్. వర్క్ ఫ్రమ్ హోమే."

సరే మంచిదన్నాను. నా నోట్స్‌లో ఐసొలేషన్ అనే చోట డబ్ల్యూఎఫ్‌హెచ్ అని రాసుకుని పక్కన టిక్ పెట్టాను. బయట తిరగడు, ఎవరికీ అంటించడు, కాబట్టి అది మంచి విషయమే అనుకున్నాను. పని చేస్తున్నానని అతను నాకు స్పష్టంగానే చెప్పాడు. నేను వేరేగా విన్నాను. రెస్ట్ అని నేనన్నది అతనికి 'బయటికి వెళ్ళకు' అని వినపడింది. ఇంట్లో ఉన్నానని అతనన్నది నాకు 'పడుకున్నాను' అని వినపడింది. ఆ రోజు నా ఫోన్‌కు వచ్చిన కాల్స్‌కు లెక్కలేదు, నిజమే. కానీ ఒక్క ప్రశ్న అడగడానికి ఐదు సెకన్లు చాలు.

తర్వాత నెమ్మదిగా అతని మెసేజీలు, లాగిన్ టైములు, వాళ్ళమ్మ నోట్‌బుక్కు ముందేసుకుని ఆ తొమ్మిది రోజులను తేదీలవారీగా రాసుకున్నాం. 4, 5, 6, 7 తేదీల్లో పూర్తి షిఫ్టు. 8వ తేదీ శనివారం, పాజిటివ్ అని తెలిసిన రాత్రి, మూడు గంటలు. ఆదివారం సెలవు. 10, 11 తేదీల్లో మళ్ళీ పూర్తి షిఫ్టు, అందులో సోమవారం తెల్లారి ఐదు దాకా. మొత్తం ఏడు రాత్రులు.

పారాసిటమాల్ జ్వరం వచ్చాక వేసుకోలేదు. మీటింగ్‌కు అరగంట ముందు వేసుకునేవాడు. అందుకే నోట్‌బుక్కులో జ్వరం ఎప్పుడూ 99, 100 దాటలేదు. అదీగాక నాలుగో రోజు తోటి ఉద్యోగి ఒకరు వాట్సాప్‌లో ఒక మందుల చీటీ ఫోటో పంపారు. తనకు ఇవే పనిచేశాయన్నారు. అందులో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 16 ఎంజీ ఉంది, అంటే స్టెరాయిడ్. మందుల షాపులో అడిగితే ఇచ్చారు. రెండు రోజుల్లో ఒళ్ళు తేలికపడింది, ఆకలేసింది, ఓపిక వచ్చింది.

"ఆ టాబ్లెట్ వేసుకున్నాక హాయిగా కూర్చుని పని చేసుకోగలిగాను సార్, తగ్గిపోయిందనుకున్నాను" అన్నాడు తర్వాత.

స్టెరాయిడ్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్ ఫలితం 2020 జూన్‌లోనే వచ్చింది. రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోన్ ఇస్తే, వెంటిలేటర్ మీదున్న వాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్న వాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు ఏ మేలూ కనపడలేదు. మొదటి వారంలో ఒంట్లో వైరస్ ఇంకా పెరుగుతుంటుంది, అప్పుడు దాంతో పోరాడే శక్తినే స్టెరాయిడ్ అణుస్తుంది. జ్వరం కనపడనివ్వదు, షుగర్ పెంచుతుంది, లేని ఓపికను ఉన్నట్టు చూపిస్తుంది. సెలవు పెట్టి పడుకున్నవాడికి ఆ ఓపిక అక్కర్లేదు. డ్యూటీకి కూర్చోవాల్సినవాడికే అది కావాలి. ఆ నెలలో నా దగ్గరికి ఇలా తొందరపడి స్టెరాయిడ్ మింగి వచ్చినవాళ్ళలో చాలామంది పని మానుకోలేనివాళ్ళే.

ఇక నోట్‌బుక్కు. పాప కోసం కొన్న నాలుగు గీతల కాపీ బుక్కు అది. ప్రతి పేజీలో వాళ్ళమ్మ గుండ్రటి అక్షరాలు. 'గురువారం 96. శుక్రవారం 96. శనివారం 95. ఆదివారం 95. సోమవారం 94. మంగళవారం 94.' రోజుకు ఒక్క అంకె. ఆ అంకెలన్నీ పొద్దున పదకొండింటికి, అతను నిద్ర లేచి, మంచం మీద కూర్చుని ఉన్నప్పుడు చూసినవి. రాత్రి పన్నెండింటికి, రెండింటికి, గంటలకొద్దీ మాట్లాడుతున్నప్పుడు ఎంత ఉందో ఎవరూ చూడలేదు. వేలికి ఆక్సిమీటరు క్లిప్పు పెట్టుకుంటే టైప్ చేయడం కుదరదని అతనే పక్కన పెట్టేశాడు. నడిచి చూసింది అసలే లేదు. గది నుంచి బాత్రూమ్‌కు పది అడుగులు, అంతే అతని నడక.

కోవిడ్‌లో ఈ రెండో వారం మోసం చేసేది. ఆక్సిజన్ 85కి పడినా కొందరికి ఆయాసం తెలియదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మాట్లాడుతుంటాడు. కూలీపనికి వెళ్ళేవాడైతే మెట్లెక్కినప్పుడో, బస్తా ఎత్తినప్పుడో బయటపడుతుంది. కుర్చీలో కూర్చుని చేసే పనిలో శరీరాన్ని పరీక్షించేది ఏదీ ఉండదు.

తల్లి విన్నది

మే 12 పొద్దున ఏడు దాటాక ఫోన్ వచ్చింది. మాట్లాడింది వాళ్ళమ్మ.

"సారూ, మా వాడు బాగానే ఉన్నానంటన్నాడు. బాగాలేడయ్యా. రాత్రంతా నేను వరండాలో పడుకుని ఇన్నాను. వాడి మాట తెగిపోతంది."

ఎలా తెగుతోందమ్మా అని అడిగాను.

"వాడు ఆ ఇంగిలీసులో ఏం మాట్లాడతాడో నాకు తెలీదు. కానీ ఏడాది నుంచి రోజూ ఇంటానే ఉండా గదా. ఒక గుక్కలో గబగబా బోలెడంత మాట్లాడేవాడు. ఇప్పుడు రెండు మాటలకోసారి ఆగతన్నాడు. ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళా మొదలెడతన్నాడు."

వాక్యం పూర్తి చేయలేకపోవడం అనే లక్షణాన్ని మేం మెడికల్ కాలేజీలో పుస్తకాల్లో చదువుకుంటాం. ఉబ్బసం ముదిరినవాళ్ళలో చూడమంటారు. భాష రాని తల్లి, మూసిన తలుపు అవతల నుంచి, ఊపిరి లెక్క ఒక్కటే విని ఆ లక్షణాన్ని పట్టుకుంది. కాల్‌లో ఉన్న తొమ్మిదిమందిలో ఎవరికీ తెలియలేదు. కెమెరా ఆపేసి ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా మ్యూట్ నొక్కేవాడు. ఆ రాత్రి మీటింగ్‌లో ఎవరో ఒంట్లో ఎలా ఉందని అడిగితే, కొంచెం నీరసం, పర్వాలేదన్నాడట.

క్లిప్పు పెట్టి చూడమన్నాను. 93. లేపి వాకిట్లో అటూ ఇటూ నడిపించమన్నాను. ఆరు నిమిషాలు నడవమనేది పద్ధతి. మూడో నిమిషం కాకముందే ఆవిడ ఆపేసింది. 86 అని చదివింది. 108కి చేయండమ్మా, నేను ఇక్కడ బెడ్ చూస్తానన్నాను. ఆ వారం ఒంగోలులో ఆక్సిజన్ బెడ్ దొరకడమంటే ఒకరు డిశ్చార్జి అయ్యేదాకా ఎదురుచూడటం. ఆ పొద్దున ఒకటి ఖాళీ అయింది. అది ఎలా ఖాళీ అయిందో ఇక్కడ రాయలేను.

ఆసుపత్రిలో

వచ్చేసరికి ఆక్సిజన్ పెట్టకముందు శాచురేషన్ 84, ఊపిరి నిమిషానికి 32, నాడి 118, జ్వరం 99.4. ఊపిరి 30 దాటినా, శాచురేషన్ 90 కన్నా తగ్గినా అప్పటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం తీవ్రమైన కేసే. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కోరు 25కి 14. ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ 96. షుగర్ 286. స్టెరాయిడ్ మహిమ అనుకుని మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పంపితే 7.1 వచ్చింది. అంటే నెలల ముందునుంచే డయాబెటిస్ ఉంది, ఎవరికీ తెలియదు. అది బయటపడటం ఇతని అదృష్టం. ఆ నెలలో బ్లాక్ ఫంగస్ కేసులు మొదలయ్యాయి, అదుపులో లేని షుగర్‌కు స్టెరాయిడ్ తోడైతేనే అది ఎక్కువగా వచ్చింది. రోజూ ముక్కు, కళ్ళు, అంగిలి చూస్తూనే ఉన్నాం.

చికిత్సలో విశేషమేమీ లేదు. రిజర్వాయర్ మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్, డెక్సామెథసోన్ 6 మి.గ్రా. పది రోజులు, రక్తం గడ్డకట్టకుండా ఎనోక్సాపారిన్, ఇన్సులిన్, మెలకువగా ఉన్నంతసేపు వీలైనంత బోర్లా పడుకోవడం. బోర్లా తిరిగిన గంటలో 89 నుంచి 94కి వచ్చేవాడు. ఆ ఒక్క పనికి డబ్బు ఖర్చు కాదు, ఆ రోజుల్లో అది ఎంతమందిని నిలబెట్టిందో కళ్ళారా చూశాం.

మూడో రోజు మధ్యాహ్నం మానిటర్ మోగింది. నర్సమ్మ పరుగెత్తుకెళ్ళి చూస్తే 87. మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది. దుప్పటి కింద ఫోన్. ఏదో ఫైలు ఎక్కడుందో తోటి ఉద్యోగికి చెబుతున్నాడు. ఆవిడ ఫోన్ తీసుకోబోతే, ఒక్క నిమిషం సిస్టర్ అని వేలు చూపించాడట. కాల్ లాగ్‌లో చూస్తే పదకొండు నిమిషాలు. మళ్ళీ 93కి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మానిటర్ ట్రెండ్ పేజీలో ఆ పదకొండు నిమిషాలు గుంతలాగా కనపడుతున్నాయి. ప్రింట్ తీసి అతని ముందు పెట్టాను. 'ఇది నీ ఫోన్ కాల్ నాయనా' అన్నాను. చాలాసేపు చూశాడు. కేస్ షీట్‌లో మందుల కింద ఒక లైను రాశాను: ఫోన్ రోజుకు పది నిమిషాలు, ఇంట్లోవాళ్ళతో మాత్రమే.

వార్డు బయట బంధువుల మాటల్లో అప్పుడు కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కోవిడ్ మందు తప్ప వేరే లేదు. 21వ తేదీన అక్కడికి జనం వేలల్లో వెళ్ళారు. ఇతని మేనమామ కూడా బయల్దేరదామన్నాడు. అప్పటికి నాలుగు లీటర్ల మీద 95 ఉంది, దారిలో ఆక్సిజన్ ఎవరిస్తారని అడిగితే ఆగిపోయాడు.

మే 24న ఆక్సిజన్ లేకుండా 96తో ఇంటికి పంపాం.

ఎందుకు మానలేదు

డిశ్చార్జికి ఐదు రోజుల ముందు, మాట్లాడే ఓపిక వచ్చాక, ఎందుకు చేశావని అడిగాను. కంపెనీ బలవంతపెట్టిందని చెబుతాడనుకున్నాను. అలా చెప్పలేదు. మేనేజరు చేయమని ఒక్కసారీ అనలేదట. ఆయనకూ హైదరాబాదులో పాజిటివే, ఆయనా లాగిన్ అయ్యే ఉన్నాడు. ఆరుగురి టీమ్‌లో ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు, ఒకరి తండ్రి పోయారు. మిగిలింది ముగ్గురు.

"ఊళ్ళో, ఇంట్లో, అమ్మ వండి పెడుతుంటే తిని జీతం తీసుకుంటున్నాం సార్. జ్వరమని దానికి కూడా సెలవు అడిగితే ఏం బాగుంటుంది? లేచి ఎక్కడికో వెళ్ళేది లేదు కదా. మంచం మీద నుంచి కుర్చీలోకి మారడమే."

ఇంటి నుంచి పని అనేది అతనికి కంపెనీ చేసిన ఉపకారంలాగా ఉంది. ఉపకారం పొందినవాడు సెలవు అడగడానికి మొహమాటపడతాడు. దానికితోడు అప్పు, పొగాకు వేసి నష్టపోయిన సంవత్సరం తాలూకు బాకీ, జూన్‌లో ఉంటుందన్న అప్రైజల్ టెన్షన్. ఒకప్పుడు జ్వరం వస్తే సిటీ బస్సెక్కలేక సెలవు పెట్టేవాళ్ళు. ఒళ్ళే నిర్ణయం తీసుకునేది, మనిషి తేల్చుకోవాల్సిన పని ఉండేది కాదు. బస్సు పోయాక ఆ నిర్ణయం మనిషి మీద పడింది. మంచి మనసున్నవాడు, టీమ్ గురించి ఆలోచించేవాడు ఆ నిర్ణయాన్ని తనకు వ్యతిరేకంగానే తీసుకుంటాడు.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి నాకు చాలామంది పేషెంట్లు వస్తారు. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు ఉన్నవాళ్ళు మందులకన్నా ముందు సర్టిఫికెట్ అడుగుతారు. జబ్బు చేస్తే సంవత్సరంలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుందని వాళ్ళకు తెలుసు. జ్వరంతో రాయి ఎత్తలేరని వాళ్ళకు, ఓనరుకు, నాకు కూడా తెలుసు. వాదన లేదు. వాళ్ళకన్నా ఎన్నో రెట్లు జీతం తీసుకునే ఇతను పధ్నాలుగు నెలల్లో ఒక్కసారీ సర్టిఫికెట్ అడగలేదు. లాప్‌టాప్ జ్వరంలో కూడా ఎత్తగలిగేంత తేలిక. అదే కార్డు లేని రోజుకూలీ సంగతి వేరు. ఆ మేలోనే ఉలవపాడు తోటల్లో కాయలు కోసినవాళ్ళు జ్వరంతోనే కోశారు, ఆ రోజు పనికి వెళ్ళకపోతే ఆ రోజు కూలి లేదు. వాళ్ళకు నేను పడుకోమని చెప్పినా దానికి విలువ లేదని తెలిసే చెప్పేవాణ్ణి.

పని చేయడం వల్లే ఇతని ఊపిరితిత్తులు పాడయ్యాయని నేను అనను. పడుకుని ఉన్నా సీటీ స్కోరు అంతే వచ్చి ఉండొచ్చు. పని చేసిన నష్టం నాకు మూడు చోట్ల స్పష్టంగా కనపడింది. మీటింగ్ టైముకు వేసుకున్న మాత్రలు జ్వరాన్ని దాచాయి. పని ఓపిక కోసం వేసుకున్న స్టెరాయిడ్ షుగర్‌ను లేపింది. రాత్రి షిఫ్టు వల్ల ఆక్సిజన్ పడిపోతున్న వేళల్లో క్లిప్పు బల్ల మీదే ఉండిపోయింది. సోమవారం రాత్రి నడిపించి చూసి ఉంటే ఒక రోజుకు పైగా ముందే, బహుశా నాలుగైదు లీటర్ల ఆక్సిజన్ దగ్గరే పట్టుకునేవాళ్ళం.

అతను వార్డులో ఉండగానే, మే 17న, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా విడుదల చేశాయి. 2016లో ఎక్కువ పనిగంటల వల్ల గుండెజబ్బు, పక్షవాతంతో 7,45,000 మంది చనిపోయారని. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని. ఇతని పనిగంటలు లెక్క కట్టాను. మామూలు వారంలోనే 60 దాటుతున్నాయి. హెచ్‌బీఏ1సీ 7.1 ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు కొంత అర్థమైంది.

మళ్ళీ పనిలోకి

మూడు వారాలు పని వద్దని చెప్పి పంపాను. రెండు వారాలకే, జూన్ 7న లాగిన్ అయ్యాడు. ఊపిరి బాగానే ఉంది కదా అనుకున్నాడు. నాలుగో రాత్రి గుండె దడ, చేతులు వణుకు. ఆరేళ్ళుగా రోజూ టైప్ చేసే ఒక కమాండ్ గుర్తు రాలేదు. స్క్రీన్ ముందు కూర్చుని ఏడ్చాడట. ఆ మాట నాకు అతను చెప్పలేదు, భార్య చెప్పింది.

మర్నాడు చూస్తే కూర్చున్నప్పుడు 97, ఆరు నిమిషాలు నడిచాక 92. నాడి 88 నుంచి 134కి పోయింది. ఊపిరితిత్తుల్లో గడ్డ ఏదైనా అడ్డుపడిందేమో, గుండె కండరానికి ఏమైనా అయిందేమోనని డీ-డైమర్, ఈసీజీ, ఎకో చేయించాం. అన్నీ సరిగానే ఉన్నాయి. ఇది మానసికమని తోసేసే కేసు కాదు. కోవిడ్ తర్వాత కొందరికి శ్రమపడిన రోజు కాదు, ఆ మర్నాడో, మూడో రోజో ఒళ్ళు కూలబడుతుంది. తల పని కూడా శ్రమే. రెండు గంటల మీటింగ్ తర్వాత అతను పడినంత నీరసం వాకిట్లో నడిచినప్పుడు పడలేదు.

అప్పుడు కంపెనీకి ఉత్తరం రాశాను. మామూలుగా మేం రాసే 'విశ్రాంతి అవసరం' అనే సర్టిఫికెట్ కాకుండా, ఏం చేయగలడు, ఏం చేయలేడు అని విడమరిచి రాశాను. మూడు వారాలు పూర్తి సెలవు. తర్వాత రెండు వారాలు పగటిపూట రోజుకు రెండు గంటలు, మధ్యలో అరగంట పడక. ఆ తర్వాత నాలుగు గంటలు. ఏ వారమైనా మర్నాడు కూలబడితే వెనకటి వారం గంటలకు దిగాలి. మూడు నెలలు రాత్రి షిఫ్టు వద్దు. జవాబు రెండు రోజుల్లో వచ్చింది, అన్నీ ఒప్పుకున్నారు. అతను నా ముందే ఆ మెయిల్ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. అందరి కంపెనీలూ ఇలా ఉండవు. అదే నెలలో ఇంకో పేషెంట్‌కు ఇలాంటి ఉత్తరమే ఇస్తే సగం జీతం కోశారు. అయినా అడగకముందే లేదనుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవడం కన్నా అడిగి లేదనిపించుకోవడమే మేలు.

నాలుగు గంటల దగ్గర ఒకసారి కూలబడి, మళ్ళీ రెండుకు దిగాడు. సెప్టెంబరు చివరికి పూర్తి డ్యూటీకి వచ్చాడు, పగలే. బరువు ఏడు కిలోలు తగ్గాడు, మెట్‌ఫార్మిన్ మీద షుగర్ అదుపులో ఉంది. జబ్బు మొదలైన మూడు నెలల తర్వాత కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగే లక్షణాలను పోస్ట్ కోవిడ్‌గా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. ఇతని నీరసం సరిగ్గా ఆ లెక్కలోకే వస్తుంది.

నేను మార్చుకున్నవి

ఫోన్‌లో జ్వరం పేషెంట్‌ను ఇప్పుడు రెస్ట్ తీసుకుంటున్నావా అని అడగను. అందరూ అవుననే అంటారు. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, లాప్‌టాప్ ఎక్కడుంది, మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని దగ్గుతున్నావా అని అడుగుతాను. మూడో ప్రశ్నకు చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. ఇంట్లో వేరేవాళ్ళకు ఫోన్ ఇమ్మని వాళ్ళనూ అడుగుతాను. శాచురేషన్ కూర్చున్నప్పుడు ఒకటి, నడిచాక ఒకటి రాయమంటాను, రాత్రి మేలుకునేవాడైతే రాత్రిదీ రాయమంటాను. సర్టిఫికెట్‌లో 'ఇంటి నుంచి చేసే పనితో సహా ఏ పనీ చేయరాదు' అని పూర్తి వాక్యం రాస్తాను. మొదట్లో హెచ్ఆర్ వాళ్ళు ఫోన్ చేసి ఇదేంటని అడిగేవాళ్ళు. వివరంగా చెప్పేవాణ్ణి. టీచర్లకు కూడా ఇదే రాశాను. జ్వరంతో ఆన్‌లైన్ క్లాసులు చెప్పి గొంతు పోగొట్టుకుని వచ్చిన టీచర్లు ఆ సంవత్సరం తక్కువమంది కాదు.

2022 జనవరిలో, ఒమిక్రాన్ వచ్చినప్పుడు, అతని నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. జ్వరం మొదలైంది సార్, రెండు డోసులు వేసుకున్నాను, సెలవు పెట్టేశాను, లాప్‌టాప్ అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది అని. కింద ఒక ఫోటో. అదే నాలుగు గీతల కాపీ బుక్కు, అవే గుండ్రటి అక్షరాలు. ఈసారి పేజీ మధ్యలో స్కేలుతో నిలువు గీత కొట్టి ఉంది. ఎడమవైపు 'కూర్చుని', కుడివైపు 'నడిచి' అని రాసుంది. 97, 96. కింద రాత్రి పదింటిది: 97, 97.